అటకెక్కిన ఫైలు

చంద్రశేఖరపురం నుంచి ఒంగోలు పెద్దాసుపత్రికి వెళ్లాలంటే కనిగిరి మీదుగా వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం. ఆ ఊళ్లో ఓ పెద్దాయన ఉన్నాడనుకుందాం. వయసు అరవై దాటింది. రెండేళ్ల కిందట పెద్దపేగు చివరి భాగంలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలితే ఆపరేషన్ చేసి తీసేశారు. రేడియేషన్, కీమోథెరపీ అన్నీ పూర్తయ్యాయి. ఇప్పుడు మళ్లీ పొలానికి వెళ్తున్నాడు. బర్రెలకు మేత వేస్తున్నాడు. చూసినవాళ్లంతా ‘గండం గడిచింది’ అంటున్నారు. డాక్టరు చీటీ మీద రాసిచ్చిన తేదీ దాటిపోయి మాత్రం మూడు నెలలైంది.

‘‘ఒకసారి పోయొద్దాం లేయ్యా... డాక్టరు రమ్మన్నాడు గదా’’ అంటుంది ఇల్లాలు.

‘‘బాగనే ఉండాగా! మళ్లా ఎందుకు పోవటం?’’ అంటాడాయన.

ఆయన బాగానే ఉన్న మాట నిజం. పోకపోవడానికి కారణం మాత్రం అది కాదు. ఆపరేషన్ అయినప్పటి నుంచీ పొద్దున పూట గంటలో నాలుగైదుసార్లు దొడ్డికి వెళ్లాల్సి వస్తోంది. వచ్చిందంటే క్షణం ఆగదు. అలాంటిది మూడు గంటలు బస్సులో కూర్చోవడమా! నడి దారిలో ఆపమని కండక్టర్‌ని బతిమాలుకోవడమా! ఆ మాట భార్యతో కూడా చెప్పుకోలేక ‘బాగనే ఉండా’ అని తప్పించుకుంటున్నాడు. పాత ఆపరేషన్ మిగిల్చిన ఓ ఇబ్బంది, కొత్త గడ్డను ముందుగా పట్టుకునే పరీక్షకు అడ్డం పడుతోందన్నమాట. పేగు క్యాన్సర్‌ను దాటి వచ్చినవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు గమనించాల్సింది సరిగ్గా ఇదే.

ఆ పరుగు ఎందుకు?

పెద్దపేగు చివర, మలద్వారానికి పైన ఉండే భాగం ఓ గిడ్డంగి లాంటిది. మలాన్ని కాసేపు నిలవ ఉంచి, వీలు చూసుకుని వెళ్లే వెసులుబాటు మనకు దానివల్లే. ఆ భాగాన్ని తీసేసి పైపేగును కిందికి లాగి కలిపితే గిడ్డంగి పోయి గొట్టం మిగులుతుంది. దాంతో కొద్ది కొద్దిగా చాలాసార్లు వెళ్లాల్సి రావడం, ఆపుకోలేకపోవడం, వెళ్లొచ్చిన పది నిమిషాలకే మళ్లీ అనిపించడం... ఇవన్నీ మొదలవుతాయి. రేడియేషన్ కూడా ఇచ్చి ఉంటే ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. మొదటి ఏడాదీ ఏడాదిన్నరలో చాలామందికి కొంత సర్దుకుంటుంది. ఆ తర్వాతా మిగిలిందంటే దానంతటదే పోతుందని ఎదురుచూడటం వృథా.

అలాగని మందు లేని రోగమూ కాదిది. పేగు కదలికను నెమ్మదింపజేసే లోపెరమైడ్ మాత్రను ఎప్పుడు, ఎన్ని వేసుకోవాలో డాక్టరు చెబుతారు. పలచటి విరేచనాన్ని గట్టిపరచడానికి ఇసబ్‌గోల్ పనికొస్తుంది. మలద్వారం చుట్టూ ఉండే కండరాలను బిగించి వదిలే వ్యాయామం రోజూ చేస్తే పట్టు పెరుగుతుంది. ఇవేవీ పనిచేయకపోతే రోజూ ఓ వేళకు నీటితో పేగును కడుక్కునే పద్ధతిని ఆసుపత్రిలో నేర్పిస్తారు. కాకపోతే ఇవన్నీ జరగాలంటే ముందు పెద్దాయన నోరు విప్పాలి. డాక్టరు ‘ఎలా ఉన్నారు’ అంటే ‘పర్వాలేదు సార్’ అనేసి వచ్చేవాళ్లకు ఎవరు మాత్రం ఏం చేయగలరు!

పేగు కుడివైపు భాగం తీసినవాళ్లకు విరేచనాలు పడుతుంటే దాని సంగతి వేరు. అక్కడ కలుపుతూ కోసిన చిన్నపేగు చివరి భాగమే పైత్యరసపు లవణాలను తిరిగి పీల్చుకోవాలి. అది తగ్గితే ఆ లవణాలు పెద్దపేగులోకి దిగి నీళ్ల విరేచనాలు తెప్పిస్తాయి. వీళ్లకు మామూలు విరేచనాల మాత్రలకన్నా పైత్య లవణాలను పట్టి ఉంచే పొడి మందు బాగా పనిచేస్తుంది. బి12 విటమిన్ ఒంటికి పట్టేదీ అక్కడే. నీరసం, తిమ్మిర్లు, నాలుక మంట ఉంటే దాన్నీ పరీక్షించి తక్కువైతే ఇంజెక్షన్లు ఇస్తారు.

‘బొడ్డు జారింది’ అనుకుంటే...

కడుపు తెరిచి చేసిన ఏ ఆపరేషన్ తర్వాతైనా లోపల పేగులు ఒకదానికొకటీ, పొట్ట గోడకూ అతుక్కునే అవకాశం ఉంది. ఆర్నెల్లకే రావచ్చు, ఇరవై ఏళ్లకైనా రావచ్చు. అతుకుల మధ్య పేగు మెలిక పడితే దారి మూసుకుపోతుంది. ఉండి ఉండి మెలిపెట్టే నొప్పి, కడుపు ఉబ్బరం, వాంతులు, విరేచనమే కాదు గాలి కూడా పోకపోవడం దీని గుర్తులు.

పల్లెల్లో ఇలాంటప్పుడు మొదట వినిపించే మాట ‘బొడ్డు జారింది’. వెంటనే ఎవరో ఒకరు కడుపు రుద్దేస్తారు. ఇంకొకరు ఆముదం పట్టమంటారు. పేగు మూసుకుపోయినప్పుడు ఈ రెండూ ప్రమాదమే. మూసుకున్న దారి వెనక విరేచనాల మందుతో ఒత్తిడి పెంచితే పేగు చిట్లే ముప్పుంది. ఏమీ తినకుండా, తాగకుండా వెంటనే ఆసుపత్రికి చేరడమే పని. ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టి రెండు మూడు రోజులు కనిపెట్టి ఉంటే చాలామందికి కత్తి పెట్టకుండానే దారి తెరుచుకుంటుంది. జ్వరం, ఆగని నొప్పి, రాయిలా బిగిసిన పొట్ట ఉంటే మాత్రం గంటల లెక్క. మరో సంగతి... దారి మూసుకోవడానికి అతుకులే కాకుండా మళ్లీ వచ్చిన గడ్డ కూడా కారణం కావచ్చు. కాబట్టి నొప్పి తగ్గిందని స్కాన్ తీయించకుండా ఇంటికి రాకూడదు.

కోసిన చోట పొట్ట గోడ బలహీనపడి, దగ్గినప్పుడు బుడిపెలా ఉబికి రావడం కూడా తరచూ చూసేదే. ఇది హెర్నియా. ఆపరేషన్ తర్వాత నెలలకో, ఏళ్లకో బయటపడుతుంది. ఎరువు బస్తాలు, పశుగ్రాసం మోపులు ఎత్తేవాళ్లకు ఇంకాస్త త్వరగా. పడుకుంటే లోపలికి పోయేది ఒకరోజు పోకుండా గట్టిపడి నొప్పెడితే దాన్నీ అత్యవసరంగానే చూడాలి.

సంచీ ఉన్నవాళ్లకు మే నెల

కొందరికి పేగును పొట్ట మీదకు తెచ్చి సంచీ తగిలిస్తారు. పెద్దపేగు చివర నుంచి తెచ్చిన సంచీతో జీవితం పెద్దగా తలకిందులు కాదు. చిన్నపేగు నుంచి తెచ్చిన సంచీతోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. రోజూ ముప్పావు లీటరు దాకా పోవడం మామూలు. అది లీటరున్నర దాటితే ఒంట్లోని నీరు, ఉప్పు రెండూ కారిపోతున్నట్టే. ఎండలు నలభై డిగ్రీలు దాటే చంద్రశేఖరపురం లాంటి చోట వేసవిలో ఇది ఇంకా కష్టం.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. దాహం వేస్తోందని బిందెడు ఉత్త నీళ్లు తాగేస్తారు. ఉప్పు లేని నీళ్లు ఎన్ని తాగితే సంచీలోకి అంత ఎక్కువ దిగుతుంది, దాంతోపాటు ఒంట్లో ఉప్పూ పోతుంది. మందుల షాపులో దొరికే ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలుపుకుని తాగాలి. మూత్రం తగ్గినా, రంగు చిక్కబడినా, లేస్తే కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. రాళ్లు కూడా వీళ్లలో ఎక్కువే. తిండిలో పీచు మరీ ఎక్కువున్నవి... తాటితేగలు, పనస తొనలు, మొక్కజొన్న కండెలు సరిగ్గా నమలకుండా మింగితే పేగు పొట్ట మీదకు వచ్చిన సన్నటి ద్వారం దగ్గరే ఇరుక్కుంటాయి. మానక్కర్లేదు... కొంచెం తిని, బాగా నమిలితే చాలు.

తిమ్మిరా... ఫ్లోరైడా?

కనిగిరి ప్రాంతంలో కీళ్ల నొప్పి అంటే ఎవరికీ వింత కాదు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న నేల ఇది. నడుం వంగిపోయినవాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు తరాలుగా ఉన్నారు. అందుకే ఇక్కడ క్యాన్సర్ చికిత్స అయినవాళ్లకు కాళ్లు తిమ్మిరెక్కినా, వెన్ను నొప్పెట్టినా ‘నీళ్ల వల్లేలే’ అని సరిపెట్టుకుంటారు.

పేగు క్యాన్సర్‌కు తరచూ ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ అనే మందు చేతులు, పాదాల నరాలను దెబ్బతీస్తుంది. విచిత్రమేమిటంటే మందు ఆపేశాక కూడా రెండు మూడు నెలలు తిమ్మిరి పెరిగి, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. కొందరికి ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. చెప్పు జారిపోయినా తెలియదు. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. పొలం పనికి వెళ్లేవాళ్లు రాత్రి పడుకునే ముందు పాదాలు చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇక వెన్ను, కటి ఎముకల్లో కొత్తగా వచ్చి రాత్రిపూట కూడా వదలని నొప్పిని ఫ్లోరైడ్ ఖాతాలో వేయకూడదు. రేడియేషన్‌కు పెళుసైన ఎముక చిట్లినా, జబ్బు ఎముకకు పాకినా అలాగే ఉంటుంది. స్కాన్ తీస్తేగానీ తేలదు.

కింది భాగంలో ఆపరేషన్ జరిగినప్పుడు మూత్రాన్నీ, దాంపత్య జీవితాన్నీ నడిపే నరాలు కూడా దెబ్బతినవచ్చు. మగవాళ్లకూ, ఆడవాళ్లకూ కూడా. వయసైపోయింది కదా అని నవ్వేస్తారేమోనని అడగరు. అడిగితే దానికీ చికిత్స ఉంది.

పాతదా, కొత్తదా?

ఆపరేషన్ తర్వాత మళ్లీ గడ్డ కనిపించిందంటే ‘తిరగబెట్టింది’ అనేస్తాం. వైద్యులు మాత్రం రెండు రకాలుగా చూస్తారు. ఒకటి, పాత క్యాన్సర్ కణాలు కొన్ని మిగిలి, అతికిన చోటో, కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో మళ్లీ పెరగడం. తిరగబెట్టేవాటిలో నూటికి ఎనభై దాకా మొదటి మూడేళ్లలోనే బయటపడతాయి. రెండోది, మిగిలిన పేగులో పూర్తిగా కొత్త గడ్డ పుట్టడం. ఇది తొలి అయిదేళ్లలో నూటికి ఒకరిద్దరిలో, మహా అయితే ముగ్గురిలో వస్తుంది. తక్కువే కదా అనిపించొచ్చు. కానీ మొదటిదానికి గడువున్నట్టు దీనికి లేదు. ఒకసారి గడ్డ పుట్టించిన పేగు, మిగిలినంత మేరా జీవితాంతం అలాంటి పేగే.

రెండు దారులకూ ఇద్దరు లోకమెరిగిన మనుషులు కనిపిస్తారు. ఫుట్‌బాల్ దిగ్గజం పీలేకు 2021 సెప్టెంబరులో పెద్దపేగు కుడివైపు గడ్డ తీశారు. కొన్ని నెలలకే వ్యాధి ఇతర అవయవాలకు పాకిందని తేలింది. 2022 డిసెంబరు 29న, 82 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. అమెరికా అధ్యక్షుడిగా ఉండగా రోనాల్డ్ రీగన్‌కు 1985 జులైలో అదే కుడివైపు నుంచి సుమారు రెండడుగుల పేగు తీశారు. అందులో క్యాన్సర్ ఉంది. ఆ తర్వాత ఆయన తనిఖీలు మానలేదు. 1987లో చేసిన కొలనోస్కోపీల్లో మళ్లీ చిన్న చిన్న పిలకలు కనిపిస్తే అక్కడికక్కడే తీసేశారు. 2004లో 93 ఏళ్ల వయసులో ఆయన మరణించింది క్యాన్సర్‌తో కాదు. రీగన్ గడ్డ ముందుగా దొరకడం ఆయన అదృష్టం. పీలే జాగ్రత్తగా లేడనడానికేమీ లేదు. అయితే ఆ పిలకల సంగతి మాత్రం అందరికీ వర్తిస్తుంది. కొత్త గడ్డ చాలావరకు ఒక్కరోజులో పుట్టదు. పులిపిరి లాంటి పిలకగా మొదలై ఏళ్ల మీద క్యాన్సర్‌గా మారుతుంది. పిలకగా ఉన్నప్పుడే కొలనోస్కోపీ గొట్టంలోంచి తీగ ఉచ్చు వేసి కోసేస్తే ఇక క్యాన్సర్ దాకా రాదు.

అందుకే లెక్కగా పరీక్షలు పెట్టారు. కొలనోస్కోపీ ఆపరేషన్ అయిన ఏడాదికి ఒకటి. అది బాగుంటే మరో మూడేళ్లకు, అదీ బాగుంటే ఆపైన అయిదేళ్లకోసారి. మొదట గడ్డ పేగును పూర్తిగా మూసేసి, అత్యవసరంగా ఆపరేషన్ చేసి ఉంటే అప్పట్లో గొట్టం గడ్డ దాటి పైకి వెళ్లి ఉండదు. అలాంటివాళ్లు ఏడాది దాకా ఆగకుండా మూడు నుంచి ఆరు నెలల్లోపే పేగంతా చూపించుకోవాలి. మొదటిరోజునే అవతల ఇంకో గడ్డ ఉండి ఉండొచ్చు కదా! దీనితోపాటు సీఈఏ అనే రక్తపరీక్ష రెండేళ్లపాటు మూడు నుంచి ఆర్నెల్లకోసారి, తర్వాత అయిదేళ్ల దాకా ఆర్నెల్లకోసారి. ఛాతీ, పొట్ట సీటీ స్కాన్ తొలి కొన్నేళ్లు ఏడాదికోసారి. సీఈఏ ఒక్కసారి పెరిగిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. బీడీ, చుట్ట తాగేవాళ్లలో మామూలుగానే కాస్త ఎక్కువుంటుంది. వరసగా పెరుగుతూ పోతేనే వెతకాలి. కాలేయంలో ఒకటో రెండో మచ్చలున్నప్పుడే దొరికితే వాటినీ కోసి తీసి నయం చేసే అవకాశం ఉంది. ఏడాది ఆలస్యంగా వెళ్తే ఆ దారి మూసుకుపోవచ్చు.

మధ్యలో రక్తం పడితే? ‘పాత మొలలేలే’ అని ఆయింట్‌మెంట్ తెచ్చుకోవడం మన దగ్గర మామూలు. మొదటి గడ్డ కూడా చాలామందిలో అలా మొలల పేరు మీదే నెలలు గడిపి ఉంటుంది. ఒకసారి పేగు క్యాన్సర్ వచ్చినవాళ్లు గొట్టం వేసి చూడకుండా ఇచ్చే మొలల మందు తీసుకోకూడదు.

దాచిన పేరు

క్యాన్సర్ అన్న మాట ఇంటి గడప దాటనివ్వరు కొందరు. అమ్మాయి పెళ్లికి అడ్డమనో, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారనో ‘పేగు పుండు’ అని చెప్పేస్తారు. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ వచ్చిందని తనే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. దాదాపు తొంభై ఏళ్ల నటుడు అంత మామూలుగా చెప్పగలిగిన మాటను మన ఇళ్లలో అన్నదమ్ములకు కూడా చెప్పరు.

చెప్పకపోతే నష్టం వాళ్లకే. తల్లికో, తండ్రికో, తోబుట్టువుకో పేగు క్యాన్సర్ వచ్చినవాళ్లు నలభై ఏళ్లకు, లేదా ఇంట్లో ఆ జబ్బు వచ్చిన వయసుకు పదేళ్లు ముందు... ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. కొన్ని కుటుంబాల్లో ఇది జన్యువుల్లోనే ఉంటుంది. 1895లో అమెరికాలో ఓ కుట్టుపని చేసుకునే ఆవిడ ఆల్ఫ్రెడ్ వార్థిన్ అనే వైద్యుడి దగ్గర ‘మా ఇంట్లో అందరూ పేగు, గర్భసంచి క్యాన్సర్లతోనే పోతున్నారు, నేనూ అలాగే పోతా’నని వాపోయిందట. చివరికి గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. ఆ కుటుంబ వృక్షాన్ని వార్థిన్ 1913లో ప్రచురించారు. 1960లలో హెన్రీ లించ్ అలాంటి మరిన్ని కుటుంబాలను వెతికి పట్టుకున్నాక ఆ జబ్బు ఆయన పేరుతోనే లించ్ సిండ్రోమ్ అయింది. ఆ జన్యులోపం ఉన్నవాళ్లకు కొంత పేగు మాత్రమే తీసి వదిలేస్తే, పదేళ్లలో సుమారు ఆరుగురిలో ఒకరికి మరో గడ్డ వచ్చినట్టు లెక్కలున్నాయి. అందుకే వాళ్లకు ఒకటి రెండేళ్లకోసారి కొలనోస్కోపీ, ఆడవాళ్లకు గర్భసంచి మీద కూడా ఓ కన్ను. తీసిన గడ్డ ముక్క మీదే దీనికి పరీక్ష చేయొచ్చు. యాభై లోపు వయసులో జబ్బు వచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉన్నా డాక్టరును ఆ పరీక్ష గురించి అడగాలి.

రోగి చేతిలో ఉన్న పని కూడా ఒకటుంది... నడక. కీమో పూర్తయిన 889 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులపై చేసిన అధ్యయనం 2025లో వెలువడింది. మూడేళ్లపాటు శిక్షకుల సాయంతో వ్యాయామం చేసినవాళ్లలో అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు నూటికి 80 మంది. కరపత్రం మాత్రం ఇచ్చి పంపినవాళ్లలో 74. పరీక్షలకు ఇది బదులు కాదు గానీ, చద్ది వేళకు ముందు ఓ ముప్పావుగంట చురుగ్గా నడవడానికి ఖర్చేం లేదుగా!

మరి బస్సు సంగతి?

మళ్లీ మన పెద్దాయన దగ్గరకు వద్దాం. కొలనోస్కోపీలో కష్టమైంది పరీక్ష కాదు... దాని ముందు రాత్రి. పేగు శుభ్రం కావడానికి ఇచ్చే మందు నీళ్లు సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగాలి. అవి తాగి చంద్రశేఖరపురంలో బస్సెక్కడం ఎవరివల్లా కాదు. కాబట్టి ముందురోజు మధ్యాహ్నానికే ఒంగోలు చేరి, మరుగుదొడ్డి ఉన్న గదిలో దిగాలి. చుట్టాలిల్లయితే ఇంకా మేలు. బయల్దేరే రోజు పొద్దున తేలిగ్గా తిని, డాక్టరు అంతకుముందు చెప్పి ఉంటే లోపెరమైడ్ వేసుకుని, రోజూ వెళ్లే ఆ గంటా ఇంట్లోనే గడిచాక ఆలస్యపు బస్సు ఎక్కొచ్చు. లోపెరమైడ్ ప్రయాణం వరకే... మందు నీళ్లు మొదలుపెట్టాక వేసుకోకూడదు. షుగరు మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటిని ఎప్పుడు ఆపాలో ఫోన్ చేసి ముందే కనుక్కోవాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో ఏ పరీక్షకు వీలుందో ఆసుపత్రిలోని ఆ కౌంటర్లో అడిగితే చెబుతారు.

అటక మీది ఫైలు దించాలి. అందులో ఉండాల్సినవి ఆపరేషన్ నోట్స్, తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు, కీమో మందుల పేర్లు, పాత సీఈఏ అంకెలు, చివరి కొలనోస్కోపీ కాగితం. ఎలుకలు కొట్టేసి ఉంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో నకలు అడగాలి. ఫైలుతోపాటు సంచీలో ఓ పాత పంచె, తువ్వాలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. పక్క సీట్లో ఇంటావిడ. ఆ రోజుకు డాక్టర్‌తో మాట్లాడే పని కూడా ఆవిడకే అప్పజెప్పడం మంచిది... ఆయనైతే మళ్లీ ‘పర్వాలేదు సార్’ అంటాడు!